వస్తా అన్నవాళ్ళంతా

నాకు ముక్కు మీద కోపమని మా ఆయన అంటాడు. ముక్కు మీదే ఉంటే ఎదుటివాళ్ళకి ముందే కనిపిస్తుంది, జాగ్రత్త పడొచ్చు కదా అని నా వాదన. ఆ సోమవారం మాత్రం ఎవరూ జాగ్రత్త పడలేదు.

నేను పళ్ళ ల్యాబులో పని చేస్తాను. డాక్టర్లు పంపిన అచ్చుల మీద కట్టుడు పళ్ళు కూర్చి, అరగదీసి, మెరుగు పెట్టడం నా పని. మధ్యాహ్నం అన్నం డబ్బా తెరిచి, చెయ్యి కడుక్కుని, పక్కన ఫోనులో కోట ఆట తెరిచాను. మా గుంపు పేరు మీద ఎర్ర పట్టీ కనిపించింది. "ఈ గుంపు సభ్యులు మాట నిలబెట్టుకోరు. ఆదివారంలోగా మెరుగుపడకపోతే గుంపు మూసివేయబడుతుంది."

మాట నిలబెట్టుకోరట. చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది.

ఈ గుంపు సంగతి చెప్పాలి. కోట ఆట ఉన్న సైటులో ఆడేవాళ్ళు గుంపులు కట్టుకుంటారు. వాటిని సైటువాళ్ళు నడపరు, ఆడేవాళ్ళే నడుపుకోవాలి. అందరూ కలిసి గోడలు కడతారు, అనుకున్న వేళకి కలిసి అవతలి గుంపు మీద దాడికి వెళ్తారు. అన్నిచోట్లా మైకులో మాట్లాడుతూ ఆడాలి. మాది ఒక్కటే రాసుకుంటూ ఆడే గుంపు. డిపోలో గోలకి చెవులు పనిచెయ్యవని ఒక బస్సు డ్రైవరు దీన్ని మొదలుపెట్టాడు. ఆయన మా అందరికీ బస్సు బావ. నేను పళ్ళక్కని.

మా అత్తయ్య గొంతుకి ఆపరేషన్ అయింది. ప్రాణం దక్కింది, మాట పోయింది. అంతకుముందు ఆవిడ నోటికి వీధి వీధంతా జడిసేది. నేనూ ఆవిడా మొదలుపెడితే మా ఆయన చెప్పులేసుకుని బయటికి నడిచేవాడు. ఆపరేషన్ తర్వాత పలక కొనిచ్చాం. దాని మీద "నీళ్ళు", "చాలు", "ఫ్యాను" తప్ప మరొకటి రాయలేదు ఆవిడ. ఆ నిశ్శబ్దంలో ఉండలేక ఒకరోజు నేనే ఆవిడ చేతిలో ఫోను పెట్టి గుంపులో చేర్చాను. వారం తిరక్కుండా బస్సు బావని "గోడ ఇలాగేనా కట్టేది, బస్సు కూడా ఇలాగే తోలతావా" అని కడిగేసింది. గుంపులో ఆవిడ పేరు గయ్యాళి. తనే పెట్టుకుంది. ఆ రాతలు చూసి నాకు ప్రాణం లేచొచ్చింది.

ఇప్పుడా గుంపు మూసేస్తే ఆవిడ ఎక్కడికి వెళ్తుంది? మైకుల్లో అరిచే గుంపుల్లో ఆవిడ గోడు ఎవడికి కావాలి?

సాయంత్రం నేను ఇంటికి వెళ్ళేసరికి అత్తయ్య ఆ పట్టీ చూసేసింది. ఫోను బల్ల మీద బోర్లా పెట్టి ఉంది. పలక మీద ఒక్క మాట రాసి నా వైపు తిప్పింది. "సరే."

సరే ఏమిటి? ఇన్నేళ్ళ కాపురంలో ఆవిడ దగ్గర నేను వినని మాట అది. తిట్టినా బాగుండేది.

"సరే అంటే కుదరదత్తయ్యా," అన్నాను. "తాడో పేడో తేలేదాకా ఊరుకునేది లేదు."

బస్సు బావకి రాస్తే ఆయన నింపాదిగా, "పోనిద్దూ పళ్ళక్కా, గుంపులకేం కరువా," అన్నాడు.

"నీకు లేదు బావా, మా అత్తయ్యకి ఉంది. నడపలేకపోతే పెత్తనం నాకియ్యి."

మారు మాట్లాడకుండా ఇచ్చేశాడు.

మంగళవారం నుంచి నడుం బిగించాను. దాడి వేళలు అందరి పనులకీ కుదిరేలా మార్చాను. మాలో ఒక నర్సమ్మ ఉంది, ఆవిడ డ్యూటీ దిగి వచ్చాక ఆడుకునేలా తెల్లారగట్ల ఒక దాడి పెట్టాను. కొత్తవాళ్ళని ఏడిపించేవాళ్ళెవరో చూసి, సరిగ్గా వాళ్ళకే కొత్తవాళ్ళకి గోడ కట్టడం నేర్పే పని అంటగట్టాను. వచ్చినవాళ్ళని పలకరించాలి, వెళ్ళేటప్పుడు చెప్పి వెళ్ళాలి, ఇదేం సత్రం కాదని గట్టిగా రాశాను. ఆశ్చర్యం, అందరూ విన్నారు. పిలిచిన దాడికల్లా జనం వచ్చారు.

బుధవారం చూస్తే, మాట నిలబెట్టుకున్నందుకు సైటు మాకు వేసే మార్కు ఇంకా దిగింది. గురువారం మరీ దిగింది. నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు. మా నోళ్ళు మంచివైన కొద్దీ మా పరువు పోతోంది.

"తిట్టుకున్నన్నాళ్ళూ బాగానే ఉన్నాం కదా," అని రాసింది నర్సమ్మ. నాకు ఒళ్ళు మండింది. అలా అని ఆవిడ అన్నదాంట్లో తప్పూ కనపడలేదు.

ఆ సాయంత్రం వంటింట్లో అత్తయ్య పక్కన కూర్చుని ఒక్కొక్కరి మార్కు తీసి చూశాను. గుంపు మొత్తానికి పూర్తి మార్కులు ఒక్కరికే వచ్చాయి. గయ్యాళికి. అట్టడుగున నేనున్నాను. అత్తయ్య భుజాలు కదిలిపోయేలా నవ్వింది. పలక అందుకుని రాసింది. "నేను బుద్ధిమంతురాల్ని."

"నవ్వింది చాలు గానీ, మేం చెయ్యంది మీరేం చేస్తున్నారో చెప్పండి."

ఆవిడ నా ఫోను లాక్కుంది. నా రాతలు పైకీ కిందికీ జరిపి చూసి ఒకచోట వేలు పెట్టింది. "సరే మరి, వస్తా." దాని పక్కన చిన్న ఆకుపచ్చ జెండా ఉంది. తర్వాతి దాడికి వస్తానని మాటిచ్చినవాళ్ళకి సైటు తనంతట తను వేసే జెండా అది. నిన్నటి రాతలోనూ ఉంది, మొన్నటి రాతలోనూ ఉంది. బస్సు బావ "ఇక వస్తా" దగ్గరా, నర్సమ్మ "వస్తానండీ" దగ్గరా జెండాలే. అత్తయ్యకి చెప్పి వెళ్ళే అలవాటు లేదు. తిట్టు సగంలో ఉండగానే ఫోను పక్కన పెట్టేస్తుంది.

నెత్తిన చెయ్యి పెట్టుకున్నాను. సాయంత్రం నేను వస్తా అని సెలవు తీసుకుంటే, సైటులోని యంత్రం తెల్లారగట్ల దాడిలో నాకోసం ఎదురుచూసి, రాలేదని అబద్ధాలకోరు కింద జమకట్టింది. మర్యాద నేర్పింది నేనే, కొంప ముంచిందీ నేనే.

వెంటనే సైటువాళ్ళకి రాశాను. శుక్రవారం పొద్దున ఒకతను జవాబిచ్చాడు. "వస్తా అంటే వస్తాననే కదండీ? యంత్రానికి అలాగే నేర్పాం."

"ఇంట్లోంచి బయల్దేరేటప్పుడు మీ అమ్మతో ఏం చెప్తావు నాయనా?"

ఈసారి కాస్త తగ్గి రాశాడు. "వస్తానమ్మా అనే చెప్తానండీ. అర్థమైంది. కానీ దాన్ని మార్చడానికి నెలలు పడుతుంది. ఆదివారం లెక్క నా చేతిలో లేదు. ఈలోగా మీరే ఆ మాట మానుకోండి."

మానుకోమనడం తేలికే. ఉంటా అని చూశాం, దాడిలో ఉంటాడు కాబోలని దానికీ జెండా వేసింది. బై అనమంటే "బై, వస్తా" అన్నారు. ఏమీ అనకుండా వెళ్ళమంటే, వెళ్ళిన మనిషి వెనక్కి తిరిగొచ్చి "చెప్పడం మరిచా, వస్తా" అని మరీ వెళ్ళాడు. ఇలా కాదని సాయంత్రం ఇంటికొచ్చాక, ఇవాళ్టి నుంచి అందరూ "పోతా" అనే రాయాలని హుకుం జారీ చేశాను.

అంతే, అందరూ నామీద పడ్డారు. "బండి తోలేవాణ్ణి. స్టీరింగు పట్టుకునే ముందు పోతా అనమంటావా," అన్నాడు బస్సు బావ. "మా వార్డులో ఆ మాటకి ఒకటే అర్థం పళ్ళక్కా, నావల్ల కాదు," అంది నర్సమ్మ. వాళ్ళని ఏమని తిట్టను? నా వేళ్ళు కూడా ఆ అక్షరాల మీదికి వెళ్ళడం లేదు.

అప్పుడు గయ్యాళి రాసింది. "నేను పోతున్నా."

నేను తలెత్తి అత్తయ్యని చూశాను. ఆవిడ నన్ను చూడలేదు, రాస్తూనే ఉంది. "డాక్టరు ఆశ వదులుకోమన్నాడు. నేను పోలేదు. అంచుదాకా వెళ్ళొచ్చినదాన్ని నాకు లేని భయం మీకేమిట్రా? అనండి. అనకపోతే ఆదివారం నా నోరు మళ్ళీ మూతపడుతుంది. అది నాకు చావుకంటే ఎక్కువ."

నాకు ఏడుపు ఆగలేదు. చెంగుతో మొహం తుడుచుకుంటూనే "నేనూ పోతా" అని రాశాను.

"పోతా పెద్దమ్మా," అని రాశాడు బస్సు బావ. ఆ వెనక నర్సమ్మ, ఆ వెనక ఒక్కొక్కరూ. ఒక్క జెండా లేవలేదు.

శనివారమంతా కాపలా కాశాను. అలవాటుగా ఎవరి వేలు జారినా విరుచుకుపడ్డాను. వస్తా అని జెండా వేయించుకున్నవాళ్ళు దాడికి రాకపోతే ఫోన్లు చేసి లేపాను. ఆదివారం మధ్యాహ్నం అన్నాలయ్యాక అత్తయ్యా నేనూ కలిసి సైటు తెరిచాం. ఎర్ర పట్టీ లేదు. "ఈ గుంపు కొనసాగుతుంది" అని ఉంది. బస్సు బావ ఈలలు రాశాడు. నర్సమ్మ అందరికీ ముద్దులు పంపింది. గయ్యాళి మాత్రం, సంబరాలు చాలు, ఉత్తరం గోడ ఎవడు కడతాడని అడిగింది. మధ్యాహ్నం కునుకు వేళైంది. ఒక్కొక్కరే "పోతా" అంటూ వెళ్ళారు. అత్తయ్య కూడా "పోతున్నా" అని రాసి ఫోను పక్కన పెట్టింది.

లేచి తన గది వైపు నడిచింది. గుమ్మం దగ్గర ఆగి వెనక్కి తిరిగింది. పలక కోసం వెతకలేదు. నా కళ్ళలోకి చూస్తూ, చప్పుడు లేకుండా, పెదాలతో ఒక్క మాట అంది. "వస్తా."

"రండి అత్తయ్యా," అన్నాను.