చూలుచేపల శాసనము

ఈ కథయందు ఆవగింజంతయు నతిశయోక్తి లేదని కథకుడు ముందుగనే ఱొమ్ము చఱచుకొని చెప్పుచున్నాడు. నమ్మనివారు మఱియొక కథ చదువుకొందురు గాక.

ఆషాఢారంభమున నీలజీమూతమాలికాచ్ఛాదితమైన గగనమండలము క్రింద మణిరేఖానది తొలివానల యెఱ్ఱనీటితో నిండుకొనుచుండ గర్భభారమంథరములైన మత్స్యములు గుడ్లు పెట్టుటకై ప్రవాహమున కెదురీదుచుండెను. వలలవలనను పడవల త్రొక్కిడివలనను చూలుచేపలు నశించి యేఱు గొడ్డువోయిన కఱవును కన్నులార జూచిన గ్రామమునసబు రాయవరపు అచ్యుతరామయ్య యీ మాసమున నేటిలో వల గాని పడవ గాని దింపరాదనియు నెంతవారికిని మినహాయింపు లేదనియు శాసించి డప్పు వేయించెను.

అట్టి శాసనకర్త యొక యపరాహ్ణమున నడియేటి యిసుకతిప్పపై నెవరో దొంగవల పన్నిరని విని మోకాలిలోతు నీట నడచిపోయి దానిని గోసివైచి వెనుదిరుగునంతలో నెగువకొండల వాననీరు దిగివచ్చి దారిని మ్రింగివైచెను. అతనికి ఈత రాదు. ఆ వడిలో ఈత వచ్చినవారికిని దిక్కు లేదు.

ఒడ్డున పడవవాడు సింహాద్రి చుట్ట నములుచు నిలిచియుండెను. వాని వలను నిరుడు జప్తు చేసినది యీ మునసబే.

"పడవ దించీమంటారా బాబూ? ఎంతోడికైనా ఒకటేనని తమరే గదా డప్పేయించినారు. ఒక్క మాట దించమనండి, సాలు. రేపు ఊరు ఊరంతా దించేస్తాది."

పరులకై కట్టిన చెఱసాలకు దానే ప్రథమబందీయైన యచ్యుతరామయ్యకు నాలుకపై నా యొక్క మాటయు దాని వెనుక నూఱు వలలును గానవచ్చెను. నీరు మోకాళ్లు దాటెను. మొల దాటెను. ఎదురీదు చేపలు పిక్కల కొరసికొని పోవుచుండెను. నీరు కంఠము నంటెను.

"పడవ కొయ్యకే యుండనీరా. నీ నోరు మాత్రము కొంచెము మూయుము."

"ములిగిపోతే నన్ననకండి బాబూ."

"మునిగినవాడేమనునురా?"

సింహాద్రి నవ్వబోయి నవ్వలేకపోయెను. చుట్ట పాఱవైచి పడవత్రాటి ముడిపై చేయి వేసెను. "నానే దించేత్తాను. జరిమానా నానే కట్టుకుంటాను."

"దించితివా, రేపు నడివీథిలో నీ పడవ తగులబెట్టింతును."

ముడి విప్పబోయిన చేయి యచ్చటనే నిలిచెను. వాడొడ్డున గూలబడి మునసబు తలపాగనే చూచుచుండెను. ప్రొద్దు క్రుంకువేళకు నీరు తీసెను. ఆ మాసమున నే పడవయు నేటిలో దిగలేదు.

ఇక నిజము చెప్పవలెను. నీరు కంఠము నంటెననుట కథకుని కల్పన. అది మొల దాటలేదు. కాని మొలవద్ద నాగిపోవునని యా సాయంకాలము మునసబునకు దెలియదు.