బెల్టు లేని క్లిప్పు

నేను ఒక సీటు బెల్టు క్లిప్పును. కాని నాకు బెల్టు లేదు.

కారులో ముందు సీటు పక్కన ఎర్ర బొత్తాం ఉన్న చిన్న పెట్టె ఉంటుంది చూడండి. బెల్టు కొనను అందులోకి నొక్కితే టిక్కుమంటుంది. ఆ కొనకు నేను తోబుట్టువులా ఉంటాను. అదే మందం, మధ్యలో అదే రంధ్రం, అదే టిక్కు. తేడా ఒక్కటే. ఆ కొన వెనక మనిషిని పట్టి ఉంచే పట్టీ ఉంటుంది, నా వెనక ఏమీ ఉండదు. నన్ను గుచ్చితే, సీట్లో మనిషి బెల్టు పెట్టుకున్నాడని నమ్మి కారు అరవడం మానేస్తుంది. నేను పుట్టింది ఆ ఒక్క పనికే.

ఎక్కడో ఒక ఊరి చివర రేకుల షెడ్డులో పుట్టాను. ఉక్కు రేకును ప్రెస్సు కింద పెట్టి కొడుతుంటే దెబ్బకు ఒకటి చొప్పున రాలిపడ్డాం. ప్రెస్సు నడిపే మనిషి సాయంత్రం పని దిగి, హెల్మెట్టును మోటారుసైకిలు అద్దానికి తగిలించి, వట్టి తలతో ఇంటికి వెళ్ళేవాడు. మనుషుల గురించి నేను తెలుసుకున్న మొదటి సంగతి అది.

మాలో కొన్నిటికి సింహం తల అంటించారు. నాకు సంజీవి కొండ ఎత్తుకున్న ఆంజనేయస్వామి బిళ్ళ వచ్చింది. అది నా పుణ్యమేమీ కాదు. ఆ పూట డబ్బాలో ఉన్న బిళ్ళలు అవి. అయినా ఎర్రటి రంగులో ఆయన నా మీదికి వచ్చి కూర్చున్నాక, నేను చేయబోయే పని తప్పు కాదేమోనని నాక్కూడా అనిపించింది.

అక్కడి నుంచి కాకినాడ వచ్చాను. కార్ల షోరూముకు ఎదురుగా నూకరాజు కొట్టు ఉంది. సీటు కవర్లు, కాళ్ళ కింద వేసే పట్టాలు, తలాడించే బొమ్మలు అమ్ముతాడు. సెంటు సీసాల పక్కన మేకుకు నన్ను తగిలించాడు. భావనారాయణగారి కుటుంబాన్ని నేను మొదట చూసింది ఆ మేకు మీది నుంచే.

ఆయన ప్రభుత్వోద్యోగం చేసి రిటైరైన మనిషి. విష్ణు సహస్రనామం చదవందే మంచినీళ్ళు ముట్టరు. భార్య మాణిక్యాంబది మెత్తని గొంతు. కూతురు హైమ విశాఖపట్నంలో పాలిటెక్నిక్ పిల్లలకు మెకానికల్ పాఠాలు చెబుతుంది. వాళ్ళు కారు కొనాలనుకోవడం వెనక ఒక చావు ఉంది. ఆ వేసవిలో మాణిక్యాంబ తమ్ముడు సూర్రావు, స్నేహితుడి పాత కారులో ముందు సీట్లో వస్తూ, కల్వర్టు గోడకు గుద్దుకుని పోయాడు. ఆ బండిలో ఎయిర్‌బ్యాగులు లేవు, అందుకే పోయాడని ఇంటిల్లిపాదీ చెప్పుకున్నారు. చెప్పుకుని చెప్పుకుని అదే నిజమని స్థిరపడ్డారు.

షోరూములో కాఫీ ఇచ్చి తొందరపెడతారని, భావనారాయణగారు కాగితాలన్నీ పట్టుకుని నూకరాజు ఫ్యాను కింద కూర్చునేవారు. హైమ మూడు కంపెనీల సెడాన్లను ఒక పెద్ద కాగితం మీద గళ్ళు గీసి రాసుకొచ్చింది.

“ముందు ఇంజను సంగతి తేల్చండి బాబుగారూ,” అన్నాడు నూకరాజు. “ఇప్పుడందరూ టర్బో అంటన్నారు. కాలు పెడితే ఎగిరిపోద్దంట.”

“నేనెక్కడికి ఎగరాలయ్యా. యాభై దాటితే నా కాలు దానంతటదే లేచిపోద్ది.”

“అదీ నిజమేనండి. మీరు బండిలో బయల్దేరి, అమ్మగారు నడిచి బయల్దేరితే, ముందు అమ్మగారే వత్తారు.”

మాణిక్యాంబ పమిట చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

“ఆ టర్బోకి మూడే సిలిండర్లు నాన్నా. ఆగినప్పుడు సన్నగా వణుకుతుంది,” అంది హైమ. “ఈ నాలుగు సిలిండర్ల వెయ్యిన్నర సీసీ పెట్రోలు మెత్తగా పోతుంది. నువ్వు తోలే తీరుకి ఇది చాలు.”

“ఈ తెల్లదాంట్లో మధ్యరకానికే సన్‌రూఫు ఇత్తన్నారండి అమ్మాయిగారూ,” అన్నాడు నూకరాజు.

“ఆకాశం చూడ్డానికి మాకు మేడుంది,” అన్నారు భావనారాయణగారు. “బ్యాగులెన్ని?”

“దాని మధ్యరకంలో రెండే,” అంది హైమ. “పై రకానికి వెళ్తే ఆరు. ఈ బూడిదరంగు దానికైతే కింది రకం నుంచీ ఆరూ ఉన్నాయి. తడి రోడ్డు మీద జారిపోకుండా పట్టే ఏర్పాటు కూడా ఉంది. కావాలని ఢీకొట్టించి చూసే పరీక్షలో ఐదు స్టార్లు వచ్చాయి.”

“మీ అమ్మ కూచునే వైపు ఎన్నమ్మా?”

“ఎదర ఒకటి, సీటు పక్కన ఒకటి, కిటికీ మీంచి దిగేది ఒకటి. మూడు.”

ఆయన ఆ మూడూ వేళ్ళ మీద లెక్కపెట్టుకున్నారు. భార్య వైపు చూసి, “అయితే ఇంక వేరే మాట లేదు. ఇదే,” అన్నారు.

ఆ చూపు నేను చూశాను. ఆ మనిషి తన ప్రాణం కోసం లెక్కలు వేసుకోలేదు. అందుకే ఈ కథ చెప్పడం నాకు కష్టంగా ఉంది. హైమ కాగితంలో ఇరవై రెండు గళ్ళున్నాయి. బెల్టు పెట్టుకుంటారా, పెట్టుకోరా అన్న గడి మాత్రం లేదు. అది కారుకు సంబంధించిన విషయం కాదు కదా.

కారు వచ్చిన మూడో రోజునే ఆయన మళ్ళీ కొట్టుకు వచ్చారు. పక్కన భార్య ఉంది, హైమ లేదు.

“బండి బంగారంలా ఉందయ్యా. ఒకటే బాధ. ఈవిడ బెల్టు పెట్టుకోకపోతే ఒకటే కూత. దారిలో సహస్రనామం చదువుకుందామంటే మధ్యలో కుయ్యి కుయ్యిమంటా. ఎక్కడిదాకా చదివానో పోతంది.”

“మెడ కోసుకుపోతందండి ఆ పట్టీ,” అంది మాణిక్యాంబ. ఆమె పొట్టి మనిషి. పట్టీ సరిగ్గా గొంతు మీదికి వచ్చేది.

“మీ పట్టీ మాటేటి బాబుగారూ?”

“నేను పెట్టుకుంటాను. పెట్టుకోకపోతే ఫోటో తీసి జరిమానా పంపిత్తన్నారుగా.”

నూకరాజు చెయ్యి నా మీదికి వచ్చింది. “ఇది గుచ్చేయండి. ఇంక నోరెత్తదు. పైగా స్వామివారున్నారు. డబ్బులేం వద్దు, కొత్త బండికి నా తరఫున.”

భావనారాయణగారు నన్ను తీసుకుని కళ్ళకద్దుకున్నారు.

ఆ శనివారం గుళ్ళో బండికి పూజ చేయించారు. తాళాలతోపాటు నన్నూ పళ్ళెంలో పెట్టారు. పూజారిగారు నన్ను అటూ ఇటూ తిప్పి, “ఇదేమిటండీ?” అన్నారు.

“బెల్టు పెట్టే చోట ఉంచుతానండి. కూత రాకుండా.”

పూజారిగారు ఒక క్షణం ఆగారు. ఏదో అడుగుదామనుకున్నట్టున్నారు. తరవాత, “స్వామివారుంటే మంచిదేలెండి,” అని నా మీద కుంకుమ పెట్టి అక్షింతలు చల్లారు. చక్రాల కింద నిమ్మకాయలు నలిగాయి. నేను ఎడమ సీటు పెట్టెలోకి వెళ్ళి టిక్కుమన్నాను.

ఆ రోజు నుంచి మాణిక్యాంబ బండెక్కగానే ముందు నన్ను తాకి కళ్ళకద్దుకునేది. నాకు అంతకంటే భయం కలిగించిన పని లేదు. సీటుకు అవతల, తలుపు పక్క స్తంభంలో చుట్టుకుని అసలు బెల్టు ఉండేది, మడత విప్పని చీరలా. కారు చాలా తెలివైనది. ఎదర బండి ఎంత దూరంలో ఉందో, చక్రం ఎక్కడ జారుతోందో దానికి తెలుసు. అలాంటిది నేను చెప్పిన ఒక్క అబద్ధానికి మోసపోయి నోరు మూసుకుంది. ఒకసారి కుక్క అడ్డం వచ్చి భావనారాయణగారు బ్రేకు తొక్కారు. మాణిక్యాంబ ముందుకు జారి, గాజులు డాష్‌బోర్డుకు కొట్టుకున్నాయి. ఒక గాజు చిట్లింది. “స్వామి కాపాడాడు,” అన్నారు ఆయన. బెల్టు కదల్లేదు. దాన్ని అడిగినవాళ్ళు లేరు.

స్వామి నా మీద ఉన్నాడా? ఇది నేను చాలాసార్లు అనుకున్నాను. కొండను మోసుకొచ్చినవాడు మనిషిని పట్టి ఉంచలేడా అంటే, ఉంచగలడు. కాని పట్టి ఉంచే పట్టీని మనుషుల చేతే చేయించి, మెడ పక్కనే వేలాడదీసినవాడు ఆయన కాదా? ఇంకేం చేయాలి ఆయన? నేను ఇనుప ముక్కను, నాకు సమాధానం తెలియదు.

దసరా సెలవులకు హైమ వచ్చింది. ముందు సీట్లో కూర్చోబోయి నన్ను చూసింది. పీకి చేతిలో పట్టుకుని వీధరుగు మీదికి వచ్చింది. మాణిక్యాంబ గుమ్మంలో బియ్యం ఏరుతోంది.

“ఇదెవరు పెట్టారు నాన్నా?”

“నేనే. స్వామిని అలా ఊపకు.”

“ఆరు బ్యాగులున్న బండి కోసం నెల రోజులు తిరిగాం. బెల్టు వెనక్కి పట్టి ఉంచితేనే బ్యాగు దిండవుతుంది. లేకపోతే మనిషి ముందే దాని మీదికి పోయుంటారు, అది వచ్చి మీద పేలుతుంది. రెప్పపాటు కంటే ముందే విచ్చుకుంటుంది అది.”

“మీ మావయ్య బండిలో బ్యాగుంటేనా…”

“మావయ్య బెల్టు పెట్టుకోలేదు నాన్నా. పక్కన బెల్టు పెట్టుకున్నాయన బతికాడు కదా. ఆ మాట మనింట్లో ఎవరూ అనరేం?”

బియ్యంలో మాణిక్యాంబ చెయ్యి ఆగిపోయింది. ఆమెకు ఆ సంగతి ఎవరూ చెప్పలేదు.

హైమ కారు తలుపు తీసి, పక్క స్తంభం మీద బెల్టు ఎత్తును మార్చే మరను కిందికి దించి, “ఇలా దించుకుంటే మెడకు తగలదమ్మా, భుజం మీదికొస్తుంది,” అని తల్లికి చూపించింది. నన్ను డాష్‌బోర్డు అరలో పడేసి వెళ్ళింది. రెండు రోజులకు భావనారాయణగారు అర తెరిచి, టైరు గాలి చూసే గొట్టం కింద నన్ను చూసి బాధపడ్డారు. “స్వామిని ఇలా పడేస్తారా. దీనికి చదువెక్కువైంది,” అని తుడిచి, మళ్ళీ యథాస్థానంలో గుచ్చారు.

ఏడాది తిరిగింది. సూర్రావు ఆబ్దికానికి తెల్లవారాక తునికి బయల్దేరారు. వెనక సీట్లో అరిటాకులు, కూరగాయల సంచి. భావనారాయణగారు బెల్టు పెట్టుకుని, కళ్ళు ఒకసారి మూసి తెరిచి, సహస్రనామం మొదలుపెట్టారు. చదువుతున్నంతసేపూ ఆయన్ను పలకరించకూడదు. అది ఆ ఇంటి పద్ధతి, ముప్పై ఆరేళ్ళుగా.

హైవే ఎక్కాక మాణిక్యాంబ చెయ్యి నా మీదికి వచ్చింది. కళ్ళకద్దుకోవడానికి కాదు. ఎర్ర బొత్తాం నొక్కింది. నేను బయటికి వచ్చాను. కారు వెంటనే అరవడం మొదలుపెట్టింది. భావనారాయణగారు నామాలు ఆపలేదు గాని, కనుబొమలు ముడిపడ్డాయి. ఆమె ఎడమ చేత్తో బెల్టు సగం దాకా లాగింది. హైమ దించిపెట్టిన మర అలాగే ఉంది. పట్టీ భుజం మీదికి సరిగ్గా వచ్చింది. ఇంక గుచ్చడమే మిగిలింది.

కాని కుడి చేతిలో నేనున్నాను. నన్ను ఎక్కడ పెట్టాలి? కింద పెడితే చెప్పులు. సీటు మధ్య గుంటలో ఎంగిలి చేసిన నీళ్ళ సీసా. అరలో పెడితే దసరానాటి మాట మళ్ళీ వస్తుంది. ఒడిలో పెట్టుకుంటే జారి కాళ్ళ కింద పడతాను. వెనక సంచిలో పితృకార్యానికి పట్టుకెళ్ళేవి. ఆమె నన్ను పట్టుకుని అటూ ఇటూ చూసింది. భర్త వైపు ఒకసారి చూసింది. ఆయన పెదవులు కదులుతూనే ఉన్నాయి. కారు అరుస్తూనే ఉంది. ఆయన చదువుతున్న నామం రెండోసారి అన్నారు, లెక్క తప్పినట్టుంది. ఆమె బెల్టు వదిలేసింది. అది చప్పుడు లేకుండా స్తంభంలోకి వెళ్ళిపోయింది. నన్ను కళ్ళకద్దుకుని మళ్ళీ పెట్టెలో గుచ్చింది.

టిక్కు. కారు నమ్మింది.

డివైడరు సందులో నుంచి గడ్డి ట్రాక్టరు అడ్డంగా వచ్చింది ఆ తరవాత కొద్దిసేపటికే. ఆయన బ్రేకు తొక్కారు. కారు తన పనులన్నీ కాగితంలో రాసినట్టే చేసింది. జారలేదు, వంకర పోలేదు, ట్రాక్టరుకు గుద్దుకోగానే ఆరు బ్యాగులూ విచ్చుకున్నాయి. భావనారాయణగారి ఛాతీ మీద బెల్టు వాత ఒకటి పడింది, అంతే. మాణిక్యాంబ మాత్రం బ్రేకు పడిన క్షణానికే సీటు వదిలి ముందుకు వెళ్ళిపోయింది. బ్యాగు వచ్చేసరికి ఆమె దానికి మరీ దగ్గరగా ఉంది.

బండిలోంచి సామాను తీసినప్పుడు ఆయన నన్నూ తీశారు. ఆస్పత్రిలో నేను ఆయన గుప్పిట్లోనే ఉన్నాను. మూడో రోజు ఆమెకు తెలివి వచ్చింది. మాట గొణుగుగా ఉంది.

“బెల్టు పెట్టుకుందామనే తీశానండి. స్వామిని పెట్టడానికి శుభ్రమైన చోటు కనపళ్ళేదు.”

“నా జేబుంది కదా మాణిక్యం,” అన్నారు ఆయన. “నాకిస్తే జేబులో వేసుకునేవాణ్ణి కదా.”

“మీరు చదువుకుంటన్నారు కదండీ,” అంది ఆమె.

తొమ్మిదో రోజు ఆమె పోయింది.

నన్ను గోదావరిలో కలపమని ఎవరో అన్నారు. హైమ నా వైపు చూడలేదు. ఆయన కలపలేదు. పూజగదిలోనూ పెట్టలేదు. చొక్కా జేబులో వేసుకున్నారు. చొక్కా మారితే నేనూ మారతాను. కుంకుమ ఎప్పుడో రాలిపోయింది. స్వామి చేతిలో కొండ సగం అరిగింది.

నాలుగు నెలలకు కారు బాగై వచ్చింది. ఆరు బ్యాగులూ కొత్తవి. అమ్మేయమని హైమ అడిగితే, చూద్దాంలే అన్నారు. శనివారాలు గుడికి ఒక్కరే వెళతారు. బెల్టు పెట్టుకుంటారు. జేబు అంచున నా మీద దాని బరువు పడుతుంది. దారిలో సహస్రనామం చదవరు. ఎడమ పక్క పెట్టెలో ఇప్పుడేమీ లేదు. అయినా కారు అరవదు. ఖాళీ సీటుకు అది అరవదు.

ఆయన మాత్రం తాళం తిప్పాక, బండి కదిలించకుండా కాసేపు అలాగే కూర్చుంటారు. ఎడమ వైపుకు కొంచెం తల వంచి, వింటూ.