తడవని గుడ్డలు

నా కూతురు ఉచ్చ పోయడం లేదు. రెండో వారంలో పడిన పిల్ల, గంట గంటకీ రొమ్ము పట్టుకుని జుర్రుతుంది, మళ్లీ ఏడుస్తుంది. గుడ్డ విప్పి చూస్తే మాత్రం పొడిగా ఉంటుంది. పాలు లోపలికి వెళ్తే కదా బయటికి వచ్చేది! నాకు పాలు లేవన్న మాట పైకి అనలేక, పలకరించిన ప్రతివాళ్లనీ కసురుకుంటున్నాను.

మాది లాండ్రీ. కింద కొట్టు, పైన కాపురం. కుట్లు ఇంకా మానలేదని నన్ను మెట్లు దిగనివ్వరు, వంటింట్లోకీ రానివ్వరు.

"డబ్బా పాలు తెద్దామా?" అన్నాడు మా ఆయన, గుమ్మం అవతలే నిలబడి.

"తెచ్చుకో. నువ్వే తాగు," అన్నాను. తర్వాత దుప్పటి మొహం మీదికి లాక్కుని ఏడ్చాను. బిడ్డ నా ఒళ్లోనే ఆకలితో మాడిపోతోందేమోనని భయం.

మర్నాడు పొద్దున్నే పిల్లని చూడటానికి ఆసుపత్రి నర్సమ్మ వచ్చింది.

"రోజుకి ఎన్ని గుడ్డలు తడుపుతోంది?"

"ఒకటో రెండో. ఒక్కోరోజు అదీ లేదు."

ఆవిడ మొహంలో నవ్వు మాయమైంది. పాలు పట్టమంటే పట్టాను. ఆవిడ దగ్గరగా వంగి విని, "గుటకలు బాగానే వేస్తోందే!" అని గొణుక్కుంది. కాసేపటికి పిల్ల పిడికిళ్లు వదులయ్యాయి, రొమ్ము తనే వదిలేసి నిద్రపోయింది. ఉయ్యాల్లో వేశాను.

నర్సమ్మ సంచిలోంచి తూకం మిషను తీస్తుండగా మామగారు ఇస్త్రీ చొక్కాలతో లోపలికొచ్చారు. వాటిని బీరువాలో పెట్టి తిరిగి వెళ్తూ, ఉయ్యాల్లోకి చేయి పోనిచ్చి, తడిగుడ్డ లాగి, పొడిది సర్ది, తడిది భుజాన వేసుకుని చక్కా పోతున్నారు.

"తాతగారూ, ఆగండాగండి! ఇప్పుడేం చేశారు?" అంది నర్సమ్మ.

"నేనా? ఏం చేశానమ్మా?" ఆయనకి నిజంగానే తెలియలేదు.

"ఓరి నాయనో! రోజూ ఇలాగే తీసేస్తున్నారా?" అని అరిచాను.

"ఉంచితే మరక పట్టేయదూ? నిద్రపోతున్నావని లేపలేదమ్మా."

నా కేకకి అత్తగారు పైకొచ్చారు. "నేనూ వచ్చినప్పుడల్లా తీస్తున్నా. అయితే ఏంటట?" వెనకాలే మా ఆయన, "నేను కూడా..." అని నసిగాడు.

ముగ్గురికి ముగ్గురూ! తడిగుడ్డ కనబడితే చేతులు ఊరుకోని వంశం మరి. ఎవరికి వాళ్లు తామొక్కరే తీస్తున్నామనుకున్నారట.

నర్సమ్మ నన్ను వంటింటి కిటికీ దగ్గరికి నడిపించింది. కింద పెరట్లో హోటలు దుప్పట్ల పక్కన, తీగ పొడవునా చిన్న చిన్న గుడ్డలు ఆరుతున్నాయి.

"ఇవన్నీ నిన్నటివే," అన్నారు అత్తగారు.

"ఈ వయసుకి రోజుకి ఆరు తడిపితే చాలమ్మా. మీ పిల్ల మీ కొట్టుకే పని పెంచుతోంది," అని నర్సమ్మ గదిలోకొచ్చి పిల్లని తూచి, మళ్లీ ఉయ్యాల్లో వేసింది. పుట్టినప్పటి బరువు దాటేసిందట.

"అయితే నా పాలు సరిపోతున్నాయా?" అర్థమైనా అడిగాను.

"బ్రహ్మాండంగా!"

భోరుమన్నాను. ఏమైందేమైందంటూ ముగ్గురూ హడలిపోయారు.

"ఏం కాలేదు! నా బిడ్డ పస్తు లేదు, అంతే!"

ఆ అరుపుకి పిల్ల కదిలింది. మూడు చేతులు ఒక్కసారే ఉయ్యాల వైపు వెళ్లాయి.

"ఎవరూ ముట్టుకోకండి! ఈసారి నేను చూస్తాను."

చేయి పెట్టాను. వెచ్చగా, తడిగా తగిలింది. అమ్మయ్య అనుకుని, గుడ్డ మార్చకుండా కాసేపు చేయి అలాగే ఉంచాను.