గెట్టు మీది గడ్డిచామంతి

కంటి ఆపరేషనని పాలమూరులో బిడ్డ ఇంట్లో నెల రోజులు ఉండి వచ్చాను. తెల్లారే చేనుకు పోయి చూస్తే రెండు చేన్ల నడుమ గెట్టు మీద ఒక్క గడ్డిచామంతి లేదు. అంతా కొత్త మట్టి. నేను కాపురానికి వచ్చిన నాటి నుంచి ఆ పిచ్చిమొక్క గెట్టు నిండా పరుచుకునే ఉంది. మా ఆయన కాలికి గొడ్డలి తగిలిననాడు దాని ఆకే పిండి కట్టాను. పీకినా పోదు, ఎండినా చావదు. అట్లాంటిది కనపడలేదంటే ఎవరో గెట్టును దున్ని జరిపినట్టే.

అవతలి చేను గురవయ్యది.

"ఎంత మింగినవ్ గురవయ్యా?" ఊరంతా వినేటట్టు అడిగాను.

"నేను ముట్టలే వదినా. గెట్టు నా దిక్కే జరిగింది. నీ కొత్త కన్నుతోని సక్కగ చూడు."

నాకు ఇంకా మండింది. "దొంగ గట్లనే మాట్లాడుతడమ్మా" అన్నాడు నా కొడుకు సునీల్. విత్తనాలు పెట్టినంక ఒక సోమవారం వచ్చి తేలుస్తామన్నారు ఊరి పెద్దమనుషులు.

వానలు పడ్డాయి, పత్తి మొలిచింది. రేపు పెద్దమనుషులు వచ్చే సోమవారమనగా సునీల్ గడ్డిమందు డబ్బా వీపుకు తగిలించుకుని బయలుదేరాడు. పత్తి మొలకల మీద గడ్డిమందు ఎవరైనా కొడతారా? అనుమానం వచ్చి వెనకే పోయాను. చేనంతా గరక ఉంటే దాన్ని వదిలి ఒక్క సాలు వెంటే కొడుతున్నాడు.

ఆ సాలు నిండా గడ్డిచామంతి! వేపచెట్టు నుంచి బావి దాకా గీత గీసినట్టు పసుపుపచ్చ పూలు. దున్నితే తునిగిన ముక్కలు వేళ్లు పట్టి పాత గెట్టు ఉన్నచోటే మళ్లీ లేచాయి. గురవయ్య చేనులో కాదు. మా చేనులో, కొత్త గెట్టుకు నాలుగు అడుగులు ఇవతల.

"ఏందిరా ఇది?"

"గడ్డి. రేపటికి మాడిపోవాలె."

"రేపటికే ఎందుకు?"

వాడు నా మొహం చూడలేదు. "ఎవలికి తెలుస్తదమ్మా? నువ్వు ఊకో."

"ఆ మనిషిని ఊరంత వినంగ దొంగను జేసిన గదరా! పక్కన నిలబడి నువ్వు గూడ దొంగన్నవ్." మిగిలిన పూల మధ్య చతికిలబడ్డాను. "కొట్టు. ముందుగాల నా మీద కొట్టు."

వాడి చేయి ఆగింది. నేను గొంతెత్తాను.

"గురవయ్యా, ఓ గురవయ్యా!"

"మళ్ల ఏం మింగిన్నే వదినా?"

గెట్టు దాకా వచ్చి ఆగాడు. నన్నూ, సునీల్ వీపు మీది డబ్బానూ మార్చి మార్చి చూశాడు. మా చేనులో అడుగు పెట్టలేదు.

"నన్ను నమ్మకు" అన్నాను. "పోయి పెద్దమనుషులను ఇయ్యాల్నే తోల్కరా. గీ పూలు మాడకముందే సూడాలె."