ఏ డిస్కులోకి ఎక్కించాలి?

రెండువేల ఏడులో డిస్కుల గురించి నాంచారయ్య చదివినంత పటమటలో ఇంకెవరూ చదివి ఉండరు. సినిమాను అద్దంలా చూపించే డిస్కులు రెండు రకాలు వచ్చాయి: బ్లూ-రే, హెచ్‌డీ డీవీడీ. ఒకదాని ప్లేయర్లో రెండోది ఆడదు. చివరికి ఒకటే మిగులుతుందని పేపర్లు రాస్తున్నాయి. ఏది మిగులుతుందో మాత్రం రాయవు.

ఆయనకు కావలసింది సినిమా కాదు. పామర్రులో తమ ఇంటిముందు పందిట్లో తీసిన తన పెళ్ళి వీడియో క్యాసెట్టు బీరువాలో ఉంది. దాన్ని డిస్కులోకి ఎక్కించాలి. క్రితం ఏడాది పోయిన తల్లి రావమ్మ గొంతు ఇక వినాలంటే అందులోనే వినాలి.

"ఎక్కిస్తే కలకాలం ఉండేదాంట్లోకే ఎక్కించాలి తులసీ," అనేవాడు భార్యతో.

ఆ భయానికి కారణం ఉంది. కుర్రతనంలో ఆయన పట్టుబట్టి అన్నగారిచేత హనుమాన్ జంక్షన్లో చిన్న క్యాసెట్ల వీడియో డెక్కు కొనిపించాడు. బొమ్మ దివ్యంగా వచ్చేది. ఏడాది తిరక్కుండా ఊళ్ళో దొరికే క్యాసెట్లన్నీ పెద్దవే అయిపోయాయి. వదినగారు ఆ డెక్కు మీద ఊరగాయ జాడీ పెట్టి, వచ్చినవాళ్ళందరికీ "మా మరిదిగారి సెలక్షన్" అని చూపించేది.

అందుకని ఆయన ఆగాడు. రైతుబజారులో వంకాయలు ఏరేటప్పుడూ ఆయన తీరు ఇదేనని రామతులసికి తెలుసు. ప్రతికాయా తిప్పి తిప్పి చూసి, చివరికి ఖాళీ సంచితో వస్తాడు.

వానలు పట్టాయి. ఒకరోజు బీరువా సర్దుతుంటే క్యాసెట్టు అద్దంలోంచి టేపుమీద తెల్లటి పొర కనిపించింది ఆవిడకి. పచ్చళ్ళు పెట్టే మనిషికి బూజు సంగతి ఒకరు చెప్పక్కర్లేదు. క్యాసెట్టును కూరల సంచిలో వేసుకుని కాశిం వీడియో షాపుకి నడిచింది.

"లోపలిదాకా పోయిందక్కా," అన్నాడు కాశిం, వెలుతురుకి ఎత్తి చూసి. "ఏ డిస్కులో వెయ్యమన్నారు సారు?"

"సారింకా అన్లేదు."

"ఎప్పుడంటారు?"

"ఆ కంపెనీల్లో ఒకటి దుకాణం కట్టేశాక. నీ దగ్గరేం ఉంది?"

"మామూలు డీవీడీనే."

"అదే కానీ. ఆయనకి నేను చెప్పుకుంటాలే."

మూడోరోజు కాశిం ఫోన్ చేశాడు. గొంతు నీరసంగా ఉంది.

"మంగళసూత్రం, తలంబ్రాలు రాలేదక్కా. టేపు ముక్కలైపోయింది. భోజనాలొచ్చినయ్యి."

"అందులో పెద్దావిడెవరన్నా ఉన్నారా?"

"ఒకావిడ నెయ్యిగిన్నె పట్టుకుని అందర్నీ కసురుతున్నారు."

"ఆవిడే!" అంది రామతులసి.

ఆదివారం అన్నాలయ్యాక, నాంచారయ్య పేపరు చదువుకుంటుండగా, ఆవిడ డిస్కు పెట్టింది. బొమ్మ వణుకుతోంది. మొహాలన్నీ పచ్చకామెర్లు వచ్చినట్టున్నాయి. భోజనాల బంతి మధ్యలోంచి రావమ్మ నడిచొచ్చింది.

"ఆ లైటు నా మొహాన కొట్టమాకరా అబ్బాయ్, ఇస్తరాకు కనపడి చావట్లా! నాంచారూ, కలుపుకోరా. పొద్దుట్నుంచీ ఏం తిన్లా నువ్వు!"

పేపరు కిందపడింది. నాంచారయ్య కుర్చీ దిగి, టీవీకి జానెడు దూరంలో నేలమీద కూర్చున్నాడు. ఇది ఏ రకం డిస్కు అని అడగలేదు. క్లారిటీ మాట ఎత్తలేదు.

"మీరు తాళి కట్టింది పోయిందండీ," అంది రామతులసి మెల్లిగా.

"పోనీలే, కట్టాగా. అమ్మది మళ్ళీ పెట్టు."

మళ్ళీ పెట్టింది. ఆ తర్వాత ఎన్నిసార్లు పెట్టిందో ఆవిడే లెక్క మర్చిపోయింది. ఆయన కళ్ళు తుడుచుకుని ఫోను అందుకున్నాడు.

"కాశిం, ఇంకో రెండు తియ్యి. మా అన్నయ్యకొకటి, అక్కయ్యకొకటి పంపాలి."

"వీటినన్నా బ్లూ-రేలో తీయించమంటారా సార్? హైదరాబాద్ పంపుతా. కాస్త టైం పడుద్ది."

టీవీలో రావమ్మ ఎవరి విస్తట్లోనో వద్దంటున్నా నెయ్యి వేస్తోంది.

"టైమెందుకయ్యా," అన్నాడు నాంచారయ్య. "నీ దగ్గరున్నదాంట్లోనే తియ్యి. వస్తున్నా."