పొంగని దద్దురు

లోకంలో కోడళ్ళు అత్తగారు తమ ఇంటికి వచ్చిపడుతుందేమోనని హడలిపోతారు. పెద్దకోడలి ఏడుపు వేరు. అత్తగారు రెండేళ్ళుగా చిన్నకోడలి ఇంట్లోనే పాతుకుపోయింది, ఆ ఇంటి పిల్లిని ఒళ్ళో పెట్టుకుని. అది తలచుకుంటే చాలు, పెద్దకోడలికి కడుపు మండిపోయేది.

అందుకే అత్తగారికి తుమ్ములు, కళ్ళ దురద పట్టుకున్నాయని తెలిసి లోలోపల సంబరపడింది. పాపమే, కానీ పడింది. ఆమె ఎలర్జీ క్లినిక్‌లో నర్సు. పిల్లే కారణమని తేలితే అత్తగారు ఆ ఇల్లు వదలక తప్పదు. ఇక మిగిలింది తన ఇల్లే.

పరీక్ష తనే చేసింది. అత్తగారి ముంజేతి మీద పిల్లి బొచ్చు, దుమ్ము లాంటివాటి మందుచుక్కలు వరసగా వేసి, ఒక్కో చుక్కలో సూదితో పొడిచింది.

"ఇదేం చేస్తుందే?"

"మీకు పిల్లి పడకపోతే అత్తయ్యా, దానికోసమని మీ ఒళ్ళు యాంటీబాడీలు తయారుచేసి పెట్టుకుంటుంది. చర్మంలో కొన్ని కణాలుంటాయి. వాటి రిసెప్టర్లు ఆ యాంటీబాడీలను పట్టుకుని వారాల తరబడి కాచుకుని కూర్చుంటాయి. పిల్లి చుక్క తగిలిందా, కణం లోపలున్న హిస్టమిన్, అదే దురద పుట్టించే రసాయనం, అంతా కక్కేస్తుంది. దద్దురు పొంగుతుంది."

"వారాల తరబడి పగే! ఎవరి పోలికో!" అని అత్తగారు నవ్వింది. పెద్దకోడలు నవ్వలేదు.

పావుగంట గడిచినా పిల్లి చుక్క దగ్గర ఏమీ లేవలేదు. ఆమె ప్రాణం ఉసూరుమంది. అప్పుడు చూపు చివరి చుక్క మీద పడింది. అది ఉత్త హిస్టమిన్. యాంటీబాడీలతో పనిలేకుండా ఎవరి చేతి మీదైనా పొంగాల్సిందే. అదీ పొంగలేదంటే హిస్టమిన్‌ను అణిచే మందేదో ఒంట్లో ఉన్నట్టే.

"ఎలర్జీ మాత్ర వేసుకున్నారా? వద్దని ముందే చెప్పానుగా!"

అత్తగారు కళ్ళజోడు సవరించుకుంది. "పొద్దున వేసుకున్నా. పిల్లిని తీసేయమంటే నీ తోడికోడలు తట్టుకోలేదే, చిన్నపిల్ల."

తుమ్మి తుమ్మి చస్తూ కూడా ఆ మహాతల్లి కోసం దొంగమాత్ర! పెద్దకోడలికి అసూయతో ఒళ్ళు భగ్గుమంది. "నాకోసం ఎప్పుడైనా ఇలా ఒక్క మాత్ర మింగారా?"

అత్తగారు తెల్లబోయింది. "నీ ఇంట్లో ఉంటేగా! అది కారేసుకుని వచ్చి, నా పెట్టె తనే సర్ది, చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళింది. నువ్వు ఒక్కసారైనా రమ్మన్నావా?"

పెద్దకోడలు దూది చేతిలోకి తీసుకుంది. అత్తగారు తనంతట తానే రావాలని తను ఇన్నాళ్ళూ బిగదీసుకుని కూర్చుంది.

"వారం ఆగి మళ్ళీ చేయాలి," అంది చివరికి. "ఆ వారం రోజులూ..."

"ఊఁ?" అత్తగారు ఆశగా ముఖంలోకి చూసింది.

"మాత్ర వేసుకోకండి," అని పెద్దకోడలు దూదితో ఆ చెయ్యి తుడిచింది.