నడిమి గోడ

సర్జాపురలో ఆవులప్ప ఇల్లంటే తెలియనివాళ్లు లేరు. సొంత బట్టీలో కాల్చిన ఇటుకలతో, సున్నం దొరక్క మట్టి మెత్తి, ఆవులప్ప తానే దగ్గరుండి కట్టించుకున్న ఇల్లది. కొడుకు మునినారాయణప్ప అందులోనే పుట్టి అందులోనే పోయాడు. ఆయన పోయాక ఆవులప్ప మనవళ్లిద్దరూ ఇంటిని సగం సగం చేసుకున్నారు. నడిమి గోడకు ఇవతల పెద్దవాడు దేవరాజ్, అవతల చిన్నవాడు హేమంత్‌కుమార్. గోడలో ఉన్న వాకిలిని సిమెంటు దిమ్మెలతో మూసేశారు. తల్లి మారెమ్మ చిన్నకొడుకు దగ్గరే ఉండిపోయింది.

ఈ ఎండాకాలం హేమంత్ అద్దెల కోసం నాలుగంతస్తులు లేపుదామని, తల్లితో పక్కవీధిలో అద్దె ఇంటికి మారి, తన సగం పడగొట్టించాడు. జేసీబీ వెళ్లిపోయాక నడిమి గోడ అటువైపు ఏ ఆసరా లేకుండా నిలబడింది.

దేవరాజ్ భార్య మునిలక్ష్మి మరిది దగ్గరికి వెళ్లింది.

"ఏమప్పా, గోడ బీట్లిచ్చుండాది. ఊతమన్నా పెట్టించు."

"కాంట్రాక్టర్‌కు చెప్పినా వదినా. పెడతాడు."

పెట్టలేదు. వానలు పట్టుకున్నాయి. అత్తిబెలెలో ఉన్న అక్క ఇంటికి పోదాం రమ్మని మునిలక్ష్మి మొగుణ్ణి బతిమాలింది.

"ఇల్లిడిసి పోతే ఇదీ నాదే అంటాడు వాడు," అన్నాడు దేవరాజ్. "మా తాత కట్టిన గోడ. యాడికీ పోదు."

"గోడతోనే కాపరం చేసుకో," అని విసుక్కుని ఆమె గార్మెంట్స్ పనికి వెళ్లిపోయింది.

మధ్యాహ్నం గోడ కూలిందని ఫోన్ వచ్చింది. ఆమె చేరేసరికి వీధి వీధంతా ఇటుకలు తోడుతోంది. అందరికంటే ముందు హేమంత్ ఉన్నాడు. బురదలో మోకాళ్లమీద కూర్చుని, గోళ్లు చిట్లి నెత్తురు కారుతున్నా, "అన్నా, అన్నా" అంటూ తవ్వుతున్నాడు. దేవరాజ్‌ను బయటికి తీసేసరికి ఊపిరి లేదు.

పోలీసులు వచ్చి అడిగారు, ఎవరిమీదైనా అనుమానముందా అని. మునిలక్ష్మి నోరు తెరవబోయింది. మారెమ్మ వచ్చి ఆమె రెండు చేతులూ పట్టుకుంది.

"ఒకడు పాయె. ఇంకొకణ్ణి జైలుకు పంపొద్దమ్మా. నీ కాళ్లు పట్టుకుంటా."

మునిలక్ష్మి చేతులు విడిపించుకుని పోలీసుల వైపు తిరిగింది. "వానకు పడింది సార్," అంది.

కర్మ అయినాక హేమంత్ వచ్చాడు, కొత్త కట్టడంలో ఒక ఇల్లు రాసిస్తానన్నాడు. ఆమె బట్టలు మూట కట్టుకుని అత్తిబెలెలో ఒక గది అద్దెకు తీసుకుంది.

మారెమ్మ చిన్నకొడుకు ఇంట్లో నిలవలేకపోయింది. ఒక ఆదివారం బస్సు దిగి, దారి అడుగుతూ కోడలి గది వెతుక్కుంటూ వచ్చింది. మునిలక్ష్మి తలుపు తీసి పక్కకు తొలగింది. కాళ్లకు నీళ్లిచ్చింది. సంగటి ముద్ద, చారు పెట్టింది.

"నాతో ఒక్క మాటన్నా మాట్లాడవా?" అని అడిగింది ముసలామె.

మునిలక్ష్మి ఇంకొంచెం చారు పోసింది.